గట్టువార ఈత

ముక్తేశ్వరం సెంటర్లో ఫ్లెక్సీ కట్టేసరికి సాయిబాబుకి తల తీసేసినట్టయింది.

అందులో అతనూ, బావగారు దుర్గాప్రసాదూ చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. పైన 'మన ఊరి ఉక్కుమనుషులకు శుభాకాంక్షలు' అని రాశారు. కింద ఆ శుభాకాంక్షలు చెప్పినవాళ్ళ ఫొటోలు పెళ్ళి భోజనాల బంతిలా బారుగా ఉన్నాయి.

పోటీ వచ్చే నెల కాకినాడలో. ముందు సముద్రంలో ఈత, ఒడ్డుకొచ్చి సైకిలు, సైకిలు దిగి పరుగు. మధ్యలో ఆగడానికి లేదు.

ఇదంతా బావగారి చలవే. ఆయన సాయిబాబు అక్క మొగుడు. మస్కట్‌లో చాన్నాళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. ఎంత పొడుగంటే, ఆయన్ని ఫొటోలో ఇరికించడానికి ఫ్లెక్సీవాడు నానా అవస్థా పడ్డాడు. సాయిబాబుకి షుగరొచ్చిందని తెలిసిన రోజే ఆయన ఇంటికొచ్చి, మందులు మింగుతూ కూర్చుంటావా నాతో వస్తావా అని అడిగారు. కొబ్బరి కొట్లో కూర్చుని కూర్చుని బస్తాలా తయారైన సాయిబాబు ఆయ్ అన్నాడు. బావగారి మాట కాదనడం అతనికి చేతకాదు.

మొదట్లో సైకిలు మీద ఊరు దాటేసరికే ఆయాసం వచ్చేది. ఇప్పుడు అమలాపురం వెళ్ళి, అక్కడ టీ కూడా తాగకుండా తిరిగొస్తున్నాడు. పరుగెడుతుంటే వెంటపడే కుక్కలు కూడా అలవాటుపడి మానేశాయి. ప్యాంట్లన్నీ వదులైపోయాయి. అంతవరకూ నిజమే.

ఈత ఒక్కటే అబద్ధం.

గోదారి నీళ్ళు తాగి పెరిగినవాడికి ఈత రాదంటే నవ్విపోతారు. చిన్నప్పుడు జాతకంలో జలగండం ఉందని వాళ్ళమ్మ సూర్యకాంతం అతన్ని కాలువ ఛాయలకి పోనివ్వలేదు. ఆ సంగతి బావగారికి చెప్పడానికి మొదటిరోజు నోరు రాలేదు. రెండోరోజు అసలే రాలేదు.

కాలువ గట్టువార ఛాతీలోతు ఉంటుంది. నీళ్ళు బురదరంగు. సాయిబాబు చేతులతో బారలు వేస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ, కాళ్ళతో అడుగున నడుచుకుంటూ పోయేవాడు. బావగారు నడిమధ్యన, లోతులో, నింపాదిగా వెళ్ళేవారు. మస్కట్ సముద్రం ముందు ఇదెంత అనేవారు. లాకుల దగ్గర లోతైన గుంట వచ్చేముందు మాత్రం ఎప్పుడూ ఆపేసేవారు. ఒంటిని మరీ శ్రమపెట్టకూడదట. సాయిబాబుకి అంతకన్నా కావలసిందేముంది?

గట్టెక్కాక ఆయన భుజం తట్టి, "ఇవాళ బాగా ఈదేవోయ్" అనేవారు. ఆ మాటకి సాయిబాబు సిగ్గుతో చచ్చిపోయేవాడు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండుననిపించేది. ఇంటికెళ్తే భార్య సత్యశ్రీ చుట్టాలందరికీ ఫోన్లు చేసి, మా ఆయన సముద్రం ఈదబోతున్నారని చెబుతూ ఉండేది. ఆవిడ మొహంలోకి చూడలేక పెరట్లోకి పోయేవాడు. కాకినాడలో నీళ్ళలో దిగితే ప్రాణం పోతుంది, దిగకపోతే పరువు పోతుంది. రేపు చెప్పేద్దాం అనుకునేవాడు. ఆ రేపు ఎప్పటికీ వచ్చేది కాదు.

ఇంతలో కాలువలకి నీళ్ళు కట్టేశారు.

ఏటా వేసవిలో కట్టేసేవే. అది సాయిబాబుకి తెలియక కాదు. ఇన్నాళ్ళూ పైన కనిపించే నీళ్ళ గురించే ఆలోచించాడు తప్ప, కాలువకి అడుగు కూడా ఉంటుందని అతనికి తట్టలేదు. సాయంత్రం వంతెన మీంచి చూస్తే నీళ్ళు దిగిపోతున్నాయి. నడిమధ్యన ఇంకా మోకాటిలోతు బురదనీళ్ళున్నాయి గానీ గట్టువార తేలిపోయింది. అక్కడ మెత్తని ఒండ్రులో, మడమలూ వేళ్ళూ తెలిసేలా, బారుగా అడుగులు.

తెల్లారితే ఊరు ఊరంతా చేపలకి దిగుతుంది. ముందు ఆ అడుగులు చూస్తారు. ఆ తరవాత సెంటర్లో ఫ్లెక్సీ చూస్తారు.

ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే సాయిబాబు పెరట్లోంచి ఒక కొబ్బరి మట్ట లాక్కుంటూ కాలువ గట్టెక్కాడు. నాలుగుసార్లు బురద మీద ఈడిస్తే అడుగులన్నీ పోతాయని అతని ఆలోచన.

కాలువలో అప్పటికే ఎవరో ఉన్నారు. ఆ పొడుగు చూడగానే తెలిసిపోయింది. రాత్రికి రాత్రి నీళ్ళన్నీ దిగిపోయిన కాలువలో, నడిమధ్యన, బావగారు పంచె ఎగ్గట్టి బురదలోకి వంగి అడుగులకేసి చూస్తున్నారు.

సాయిబాబు చేతిలోని మట్ట జారిపోయింది. పారిపోదామనుకున్నాడు. ఎక్కడికని పారిపోతాడు, ఉండేది పక్క వీధిలోనే. గట్టు మీదే కూలబడ్డాడు.

"బావగారూ, ఆ అడుగులు నావేనండి" అన్నాడు. "నాకు ఈత రాదండి. ఒక్కరోజు కూడా ఈదలేదండి. మీరలా మెచ్చుకుంటుంటే చెప్పడానికి సిగ్గేసిందండి. కాకినాడ నేను రాలేనండి."

బావగారు వంచిన నడుం ఎత్తలేదు. ఈయన ఇక జన్మలో తన మొహం చూడరనుకున్నాడు సాయిబాబు. అక్క దగ్గర కూడా తలెత్తుకోలేననుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చివరికి బావగారు, తన చేతిలో ఉన్న కొబ్బరి మట్టతో బురద సాపు చేస్తూనే, తలెత్తకుండా అన్నారు: "నీవి ఆ గట్టువార ఉన్నాయి సాయీ, ఇవి నావి."