పచ్చచుక్క

బొగ్గుగనుల సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ వాకిట్లో అమ్మ ఆల్చిప్పలు కడుగుతోంది. ఏడో నెల కడుపుతో ఉన్న నేను అడిగానని, సత్తిబాబు మావయ్య సముద్రం ఒడ్డు నుంచి రైల్లో మోసుకొచ్చాడు.

"నాకు మాత్రం పప్పన్నం చాలక్కా," అన్నాడు మావయ్య.

"ఒడ్డున పుట్టినోడికి పప్పా?" అమ్మ నవ్వింది.

పక్కింటి అనసూర్యత్త ఒక చిప్ప విప్పింది. "సుబ్బలక్ష్మక్కా, గీ పచ్చచుక్కలేంది? గివి గూడ తింటరా?"

"నాచేనమ్మా. కడిగితే పోద్ది," అన్నాడు మావయ్య.

అమ్మ బొటనవేలితో రుద్దింది. పోలేదు. పచ్చదనం కండ లోపలే ఉంది.

"రోగం పట్టినవట్రా ఇవి?"

మావయ్య తల వంచుకున్నాడు. "నాచు లోపలికి దూరి తినేస్తోందక్కా. ఈ ఏడు ఎవరూ కొనట్లేదు. పారబొయ్యలేక తెచ్చా. బొగ్గు ఊళ్ళో ఇరవై ఏళ్ళున్నావు, పోల్చుకోవనుకున్నా."

"మీ ఇంట్లో తింటున్నారా?"

మావయ్య ఖాళీ సంచి మడవసాగాడు.

అమ్మ చేతిలోని చిప్పను గిన్నెలో వేసింది. "సరే, వండుతాను. కడుపుతో ఉన్న మైత్రి కంటే ముందు మొదటి ముద్ద నువ్వు తిను."

మావయ్య సంచి భుజాన వేసుకున్నాడు. నా వైపు చూడకుండా చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.