మూడో పళ్ళెం

"అందులో ఏం కలుపుతున్నావ్?"

వెనకనుంచి మాట వినపడేసరికి ఆమె చేతిలోని చెంచా జారిపడింది. ఎనిమిదేళ్ళ పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అడుగుల చప్పుడైనా లేదు.

"మిరియాలు, వెల్లుల్లి" అంది ఆమె. "మీ నాన్నకి చిలగడదుంపలంటే ఇష్టం కదా. ఎప్పుడూ ఉడకబెట్టినవేనా అని ఓవెన్‌లో కాలుస్తున్నా. మూడు రకాలు చేసి కూర పక్కన పెడదామని."

పిల్ల దగ్గరికొచ్చి ముక్కల్ని వాసన చూసింది. మళ్ళీ వెళ్ళి గుమ్మానికి ఆనుకుంది.

ఆమెకి పెళ్ళయి నెల. బస్సు డ్రైవరైన భర్త పొద్దున వెళితే చీకటిపడ్డాకే వస్తాడు. అంతసేపూ ఇంట్లో ఆమె, ఆయన మొదటి భార్య కూతురు. ఆ పిల్ల ఆమెని ఏ వరసా పెట్టి పిలవదు. ఆమె అన్నం తింటుంటే కళ్ళార్పకుండా చూస్తుంది. డబ్బాల మూతలు తీసి వెతుకుతుంది. నిన్న ఆమె కొనుక్కున్న బిస్కెట్ల పొట్లం, విప్పకుండానే చెత్తబుట్టలో తేలింది.

"తల్లి పోయినప్పట్నుంచీ అదోలా అయిపోయిందమ్మా, కాస్త కనిపెట్టి ఉండు" అని పక్కింటి టీచరమ్మ చెప్పిన దగ్గర్నుంచి ఆమెకి గుండెల్లో దడే. భర్తని అడుగుదామంటే, మొదటి భార్య ఊసెత్తగానే ఆయన కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోతాడు.

రెండో పళ్ళేనికి నిమ్మరసం, కారం, కాస్త తేనె పట్టించి కాల్చింది. అంచులు ఎర్రగా వచ్చాయి. ఒక ముక్క తీసి ఊదుతుంటే పిల్ల చటుక్కున లాక్కుంది.

"ముందు నేను తింటా."

ఆమె మొహంలోకే చూస్తూ నెమ్మదిగా నమిలి మింగింది.

"ఊఁ. ఇప్పుడు నువ్వు తిను."

ఆమెకి ఆకలి చచ్చిపోయింది. గోడ గడియారం చూసుకుంది. ఆయన రావడానికి ఇంకా రెండు గంటలు.

పిల్ల మంచినీళ్ళకని ముందుగదిలోకి వెళ్ళింది. హమ్మయ్య అనుకుని ఆమె మూడో పళ్ళెం బయటికి తీసింది. ఇంట్లో పల్లీలు లేకపోతే, పొద్దున కొట్టులో కొని, వేయించి దంచి పెట్టుకుంది. ఆ పొడి వేడి ముక్కల మీద చల్లి, ఉప్పు సరిపోయిందో లేదోనని ఒకటి నోట్లో వేసుకుంది.

"ఏంటది?"

పిల్ల గుమ్మంలో ఉంది.

"ఏం లేదే, పల్లీల పొడి..."

కెవ్వున అరుపు. పళ్ళెం ఎగిరి గోడకి కొట్టుకుంది. పిల్ల ఆమె మీదికి ఉరికి, జుట్టు పట్టుకుని కిందికి గుంజి, నోట్లో వేళ్ళు దోపింది. గోరు గీరుకుని పెదవి చిట్లింది.

"ఉమ్మెయ్! ఉమ్మెయ్!"

ఆమె పిల్లని బలంకొద్దీ తోసేసి గోడమూలకి నక్కింది.

"నేనేం చేశానే నీకు?" ఏడుపు తన్నుకొచ్చింది. "నన్ను చంపేద్దామనా? నేనంటే ఎందుకే అంత పగ?"

దుంపముక్కల మధ్య కూలబడిన పిల్ల, ఏడుస్తూ చేతులు జోడించింది.

"మా అమ్మ పల్లీలు తినే, గొంతు వాచి చచ్చిపోయింది."