శనివారం చిక్కులు

"దువ్వెన అంటే ఏంటో తెలుసా సార్ మీకు?"

కుక్కల సెలూన్లో ఆ అమ్మాయి అడిగే మొదటి ప్రశ్న అదే. ప్రతి శనివారమూ అదే.

"తెలుసమ్మా," అన్నాడు రిటైరైన స్టేషన్ మాస్టరు, బట్టతల తడుముకుంటూ.

"మీకెలా తెలుస్తుందిలెండి. దాంతో పనిపడి చాలా ఏళ్లయినట్టుంది."

బెంచీ మీద ఒళ్లో పిల్లిని పెట్టుకుని కూర్చున్నావిడ కిసుక్కున నవ్వింది. స్టేషన్ మాస్టరు కూడా నవ్వాడు. అదే వింత. సర్వీసులో ఉన్న ముప్ఫై అయిదేళ్లూ ఎవరైనా ఎదురు మాట్లాడితే రెండు పూటలు అన్నం మానేసిన మనిషాయన. పై అధికారి ఒక్క మాట అన్నాడని బదిలీ చేయించుకుని వెళ్లిపోయిన మనిషి. అలాంటివాడు ఇప్పుడు చేతిలో బ్రష్ పట్టుకున్న పిల్ల చేత వారం వారం చీవాట్లు తింటున్నాడు. తిన్నది చాలక, ఇంకాస్త వడ్డిస్తుందేమోనని బల్ల పక్కనే నిలబడుతున్నాడు.

అసలు ఆయనకి కుక్కలంటేనే పడదు. గేటు దగ్గర తోక కనిపిస్తే చాలు, చెప్పు విసిరేవాడు. "కుక్కలకి తల దువ్వడం కూడా ఒక బతుకుతెరువేనా!" అని అయిదేళ్ల కిందట ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచిన చరిత్ర కూడా ఉంది. ఆ నోటితోనే ఏడాది కిందట కుక్కలమ్మే కొట్టుకి వెళ్లి, "బొచ్చు బాగా చిక్కుపడే రకం ఏదైనా ఉందా?" అని అడిగాడు.

కొట్టువాడు బిత్తరపోయాడు. అందరూ చిక్కుపడని రకం అడుగుతారు. తను సరిగ్గానే విన్నానని ఖాయం చేసుకుని, ఎన్నాళ్లుగానో ఎవరూ కొనని ఒక తెల్లటి బొచ్చుమూటని సంతోషంగా అంటగట్టాడు. దానికి దూది అని పేరు పెట్టారు.

అప్పట్నుంచీ శనివారం పది కొట్టేసరికి ఆయన నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కాస్త సెంటు కూడా కొట్టుకుని దూదితో బయల్దేరతాడు. ముస్తాబు కుక్కకా ఆయనకా అని వీధంతా నవ్వుకుంది. పక్కింటావిడ ఉండబట్టలేక ఆయన భార్య చెవిలో వేసింది.

"నేను అన్నానని అనుకోకు వదినా. ఆ సెలూన్ పిల్ల చక్కగా ఉంటుందట. అన్నయ్యగారు పని అయ్యేదాకా ఆ పిల్లని కన్నార్పకుండా చూస్తూ ఉంటారట."

"అవునా?" అని భార్య లోపలికి వెళ్లి, వచ్చే శనివారానికి ఇంకో మంచి చొక్కా ఇస్త్రీ చేసింది.

పక్కింటావిడకి ఆ పూట అన్నం సయించలేదు.

ఈ శనివారం ఆ అమ్మాయి దూదిని బల్ల మీదికి ఎక్కించి, బొచ్చు పాయలు తీసి చూసింది. బ్రష్ పక్కన పెట్టేసింది.

"సార్, ఇలా రండి."

ఆయన పిలిచిందే చాలన్నట్టు వెళ్లాడు.

"కుక్కకి చిక్కు ఎక్కడ పడుతుంది? చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద. రాసుకునే చోట. మీ దూదికి నడుం మీద పడింది. అదీ మూడు పాయలుగా."

"పడుకుని దొర్లుతుందమ్మా."

"దొర్లి దొర్లి జడ వేసుకుందా?"

పిల్లి ఆవిడ మళ్లీ కిసుక్కుమంది. ఈసారి స్టేషన్ మాస్టరు నవ్వలేదు.

"చిక్కు వేరు సార్, ముడి వేరు. కింద చర్మం ఎలా కందిపోయిందో చూడండి. ఇంక దువ్వెన పెట్టి లాగితే దీని ప్రాణం పోతుంది. మొత్తం గొరిగేస్తాను."

"మొత్తమా? మళ్లీ ఎన్నాళ్లకి పెరుగుతుంది?"

"ఆర్నెల్లు పడుతుంది. అందాకా మీకీ శ్రమ ఉండదు. చొక్కాలు కూడా కలిసొస్తాయి."

మిషన్ గుర్రుమంది. దాని మోత దూది వీపు దాకా వచ్చేసరికి, ఎన్నడూ లేనిది, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగమ్మా. ముడులు నేనే వేశాను."

మిషన్ ఆగింది.

"శుక్రవారం కాఫీ తాగాక కూర్చుని వేస్తాను. దానికి నొప్పి పుడుతుందనుకోలేదు. మొదట్లో ఓసారి శుభ్రంగా ఉందని, మళ్లీ నెల తర్వాత తీసుకురమ్మన్నావు." ఆయన దూది చెవులు నిమిరాడు. "నెలంటే చాలా రోజులమ్మా."

పిల్లి ఆవిడ తన పిల్లిని గుండెకి హత్తుకుని, "సిగ్గులేకపోతే సరి, ఈ వయసులో!" అని అందరికీ వినపడేట్టు గొణిగింది.

ఆ అమ్మాయి మిషన్ పక్కన పెట్టింది. కత్తెర మొన పెట్టి ముడుల్ని ఒక్కొక్కటే జాగ్రత్తగా విప్పింది. కందిన చోట మందు రాసింది. దూదిని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. ఏడాదిలో మొదటిసారి ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"కన్నకూతుర్ని చూడాలనుంటే నేరుగా ఇంటికి రావచ్చుగా, మధ్యలో ఈ మూగజీవాన్ని ఎందుకు ఏడిపిస్తారు నాన్నా?"