ఫ్యాన్ కింద పెద్దాయన

"హలో, మున్సిపాలిటీ ఫిర్యాదుల విభాగమేనా? మా విశ్రాంతి గదిలో ఫ్యాన్ తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు."

వరండాలో నిలబడి పెద్దాయన ఫోన్లో అరుస్తున్నాడు.

లోపల ఊడుస్తున్న ఆయా చెయ్యి ఆగిపోయింది.

"మొదలెట్టారు నసగారు," అన్నారు డ్రాయింగు మాస్టారు, క్యారమ్ బోర్డు మీంచి తల ఎత్తకుండానే.

రిటైరైనవాళ్ళ కోసం మున్సిపాలిటీ నడుపుతున్న గది అది. నాలుగు బల్లలు, రెండు పేపర్లు, ఒక క్యారమ్ బోర్డు, ఆయా పెట్టే టీ. ఇంట్లో కోడలికి అడ్డం, వీధిలో బండ్లకి అడ్డం అనిపించుకున్న వాళ్ళందరికీ కాళ్ళు చాపుకునే చోటు అదొక్కటే.

పెద్దాయన ఈమధ్యే ఆ పేటకు వచ్చాడు. ఎక్కడ పనిచేశారని అడిగితే, "ఏదో ఆఫీసులో కుర్చీ అరగదీశాను" అనేవాడు. అంతకు మించి పెదవి విప్పేవాడు కాదు.

ఫోను పట్టుకుంటే మాత్రం ఆ పెదవులకు అలుపుండేది కాదు.

ఒకరోజు కుళాయి కారుతోందని. ఒకరోజు గుమ్మం ముందు గుంత పడిందని. ఇంకోరోజు కుర్చీ కాలు ఊగుతోందని. పోనీ అబద్ధమా అంటే, అన్నీ నిజాలే.

ఫోన్ చేసినప్పుడల్లా ఆఫీసు నుంచి ఎవరో ఒకరు వచ్చేవారు. బాగుచేసేవారు. పోతూ పోతూ, "ఏమ్మా, ఇవన్నీ నువ్వు చూసుకోవా?" అని ఆయాకు నాలుగు అక్షింతలు వేసి పోయేవారు.

ఆమెది టెంపరరీ ఉద్యోగం. ఇంట్లో మొగుడు నడుం దెబ్బతిని మంచానికి అంటుకుపోయాడు. ఈ పని పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

ఆ రోజు ఫ్యాన్ బాగుచేసిన మనిషి కూడా అవే అక్షింతలు వేసి వెళ్ళాడు. ఆయా టీ గ్లాసు తీసుకుని పెద్దాయన దగ్గరికి వచ్చింది. ఆయన ఎప్పటిలాగే ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్‌గారూ, మీకు దణ్ణం పెడతాను. ఇక ఫోన్లు చెయ్యకండి."

"నీ మీద ఏనాడూ చెప్పలేదు కదమ్మాయ్."

"దేని మీద చెప్పినా తిట్లు నాకే కదండీ. పైవాళ్ళకి విసుగొస్తే ముందు ఊడేది నా పనే."

పెద్దాయన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అలా కాదమ్మా. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అందులో మున్సిపాలిటీ..."

"సామెతలొద్దు బాబాయ్‌గారూ," ఆయా కళ్ళు తుడుచుకుంది. "మాటివ్వండి చాలు."

గదిలో అందరూ ఆయనకేసి చూశారు.

"పోనివ్వండి సార్. పాపం, ఆడకూతురు ఏడుస్తోంది," అన్నారు మాస్టారు.

పెద్దాయన గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"సరేనమ్మా. చెయ్యను."

మాట మీద నిలబడ్డాడు. కుళాయి మళ్ళీ కారింది. తనే లేచి గుడ్డ చుట్టాడు. కుర్చీ మళ్ళీ ఊగింది. కాలి కింద అట్టముక్క పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కోసారి జేబులోంచి ఫోను తీసేవాడు. ఆయాకేసి చూసి మళ్ళీ లోపల పెట్టేసేవాడు.

ఆఫీసు నుంచి ఈగ కూడా వాలలేదు. ఆయా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

వానలు తగ్గుముఖం పట్టేలోగా పెద్దాయన పోయాడు. నిద్రలోనే పోయాడని పక్కింటివాళ్ళు చెప్పారు. గదిలో అందరూ లేచి ఒక నిమిషం నిలబడ్డారు. ఆయాకు బాధేసింది. ఇక ఫోన్ల భయం లేదని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు తనను తానే తిట్టుకుంది.

బడ్జెట్ సమావేశం జరిగిన మర్నాడు గది తలుపుకు నోటీసు అంటించారు. గది మూసేస్తున్నారు. ఆ నిధులు పక్క వార్డు పార్కుకు ఇచ్చారు.

మాస్టారిని వెంటబెట్టుకుని ఆయా మున్సిపల్ ఆఫీసుకు పరుగెత్తింది. నిధులు చూసే ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు. ఇద్దరినీ కూర్చోమన్నాడు.

"నా తప్పేమిటి బాబూ? గది అద్దంలా ఉంచాను. నెలల తరబడి ఒక్క ఫిర్యాదు కూడా లేదు," అంది ఆయా.

"అదేనమ్మా వచ్చిన చిక్కు."

"అంటే?"

"నిధులు తక్కువ, అడిగే చోట్లు ఎక్కువ. ఏది జనానికి అవసరమో తెలియాలంటే ముందు ఫిర్యాదులే చూస్తాం. వాడేవాళ్ళుంటే ఏదో ఒకటి విరుగుతుంది, కారుతుంది. బాగుచెయ్యమని అడుగుతారు. పార్కు వాళ్ళు మా చెవులు చిల్లులు పడేలా అడిగారు. మీ గది నుంచి చడీచప్పుడు లేదు. ఎవరూ రావడం లేదనుకున్నాం."

"రోజూ నిండుతుంది నాయనా. ఇప్పుడు చెబుతున్నాం కదా," అన్నారు మాస్టారు.

"తీర్మానం అయిపోయిందండీ. ఇక నా చేతుల్లో లేదు."

ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదెక్కడి పద్ధతయ్యా?" అన్నారు మాస్టారు.

"మా పాత సార్ పెట్టిన పద్ధతండీ. నాకంటే ముందు ఈ కుర్చీ ఆయనదే. అంతకు ముందు పలుకుబడి ఉన్న వార్డులకే నిధులు పోయేవట. ఎవరు అడిగినా లెక్కలోకి రావాలని ఆయనే పట్టుబట్టారు. రిటైరయ్యాక ఎక్కడున్నారో తెలీదు." ఆఫీసరు చిన్నగా నవ్వాడు. "రోజూ మాకు ఒకటే పాఠం చెప్పేవారు. అడగందే అమ్మయినా పెట్టదు, అందులో మున్సిపాలిటీ మనకు అమ్మ కూడా కాదు, అని."

మాస్టారు తల దించుకున్నారు.

ఆ మాటలో మొదటి సగం ఆయా ఫ్యాన్ కిందే విన్నది. రెండో సగం చెప్పబోతుంటే తనే ఆ పెద్దాయన నోటికి తాళం వేసింది.