పంచదార బిళ్ళలు

“చెప్పొద్దు సార్. నా మాట వినండి,” అంది నర్సు, తలుపుకి అడ్డంగా నిలబడి.

“చెప్పి తీరాలి సిస్టర్. ఆవిడ ఒంట్లోకి ఏం పోతోందో తెలుసుకునే హక్కు ఆవిడకుంది,” అన్నాడు కుర్ర డాక్టరు.

మోకాళ్ళ నొప్పని వచ్చే ఆ వీధి మామ్మకి మూడు వారాలుగా ఆయన ఇస్తున్నవి ఉత్త పంచదార బిళ్ళలు. ఎక్స్‌రేలో ఎముకలు నిక్షేపంగా ఉన్నాయి. రక్తపరీక్షలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా మందు రాసిస్తే తప్ప మామ్మ కుర్చీలోంచి లేవనంది. బిళ్ళలు మొదలుపెట్టాక వారం వారం సగం తగ్గుతోందని చెబుతోంది. నిద్ర పట్టనిది డాక్టరుకే.

“నిజం తెలిస్తే నొప్పి తిరగబెడుతుంది. ఆపైన వీధంతా టముకు వేస్తుంది. రేపట్నుంచి నా బీపీ మీరు, మీ బీపీ నేను చూసుకుంటూ కూర్చోవాలి!”

ఆ మాటా నిజమే. కొత్తగా తెరిచిన ఆ క్లినిక్కుకి వచ్చే నలుగురు రోగులూ మామ్మ చెబితే వచ్చినవాళ్ళే. అయినా సరే, పిలవమన్నాడు డాక్టరు.

మామ్మ వచ్చి కూర్చుంది. మోకాళ్ళు చూపించబోతుంటే డాక్టరు చేత్తో వారించాడు.

“మామ్మగారూ, మిమ్మల్ని మోసం చేశాను. ఆ బిళ్ళల్లో మందు లేదు, పంచదార. మీకు చెప్పకుండా ఇవ్వడం తప్పు. ఇక నన్ను నమ్మాలో వద్దో మీ ఇష్టం,” అన్నాడు ఒక్క గుక్కలో.

మామ్మ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

“మొదటిరోజే తెలిసింది నాయనా. నోట్లో వేసుకుంటే తెలియదూ?”

“మరి తగ్గిందన్నారే!”

“నువ్వంత ఆశగా అడుగుతుంటే లేదనడానికి నోరెలా వస్తుంది?”

“అయ్యో, అయితే నొప్పి అలాగే ఉందా? ఉండండి, ఈసారి అసలు మందే రాస్తాను,” అంటూ పెన్ను అందుకున్నాడు.

“వద్దొద్దు! లేని నొప్పికి మందేమిటి? గది ఖాళీగా కనిపిస్తే కొత్తవాళ్ళు గుమ్మం ఎక్కరని మీ అమ్మ పంపితే వచ్చాను.”

నర్సు గోడమీది క్యాలెండరు కేసి తిరిగి, తేదీ చూస్తున్నట్టు నిలబడింది. డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు.

“నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా మామ్మగారూ?”

“చెప్పొద్దని మీ అమ్మ ఒట్టేయించుకుంది నాయనా. నిజం తెలిస్తే నువ్వు తట్టుకోలేవట.”