కనబడని నరం

టార్చి వెలుగు నేరుగా కళ్లలో పడినా పాప రెప్ప కదల్చలేదు. డాక్టరమ్మ టార్చి ఆర్పి మళ్లీ వెలిగించింది. పాప నల్లగుడ్లు వాటంతటవే అటూ ఇటూ ఊగుతున్నాయి తప్ప వెలుగు వైపు తిరగలేదు.

"ఏడో నెల కదా? మీరెప్పుడు గమనించారు?"

"పది రోజులైంది," అందామె, పాపను గుండెకు అదుముకుని. "పిలిస్తే తిరుగుతుంది. ఎదురుగా నిలబడి నవ్వితే మాత్రం, ఎవరూ లేనట్టే ఉంటుందండీ."

పక్కన ఆమె భర్త. కారు నడపడం నేర్పడం అతని పని. ఎంత కంగారు మనిషి స్టీరింగ్ పట్టుకున్నా "ఏం కాదు, మెల్లగా బ్రేకు తొక్కండి" అని నవ్వే మనిషి, ఇప్పుడు రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ స్కాను ఫిల్మును గోడ మీది లైటుకు తగిలించింది.

"కంటి నుంచి మెదడుకు చూపును మోసుకెళ్లే నరం ఒకటుంటుంది. పాపకి రెండు వైపులా అది లేదు. పుట్టుకతోనే ఏర్పడలేదు."

"ఆపరేషన్ చేస్తే?" అన్నాడతను.

"నరం దెబ్బతినడం వేరు. ఇక్కడ అసలు లేదు కదండీ. చూపు రాదు."

ఆమె పాప తలను అరచేత్తో కప్పుకుంది.

"ఇంకో సంగతి," అంది డాక్టరమ్మ. "మెదడు అడుగున చిన్న గ్రంథి ఉంటుంది, పాపకి అదీ సరిగా పనిచేయడం లేదు. రోజూ మూడు పూటలా మాత్ర పడాలి. జ్వరమొస్తే మోతాదు పెంచాలి. వాంతులైతే వెంటనే ఇంజక్షన్. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. నడకా మాటలూ వెనకబడొచ్చు. ఎంతన్నది ఇప్పుడే చెప్పలేను."

వరండాలో ఎదురుచూస్తున్న ఆడపడుచు సంగతి విని బెంచీ మీద కూలబడింది. కాసేపటికి తమ్ముడి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని గొంతు తగ్గించింది.

"ఇద్దరూ బాగా ఆలోచించుకోండమ్మా. జన్మంతా మొయ్యాల్సిన సంగతి. మీరేం చేసినా మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపరు."

"వదినా, ఆ మాటనకు!"

అందేగానీ, అదే మాట తన మనసులోనూ ఒక్క క్షణం మెదిలింది. జబ్బు కన్నా ఆ క్షణానికే ఆమె ఎక్కువ హడలిపోయింది.

తలెత్తి చూస్తే భర్త లేడు.

పది నిమిషాలైంది. ఇరవై అయింది. ఫోను ఎత్తడం లేదు. పాపను భుజాన వేసుకుని గేటు దాకా వెళ్లింది. స్కూటరు పెట్టినచోటు ఖాళీ. ఏమీ తెలియని పాప ఆమె వేలిని పిడికిట్లో బిగించి నిద్రపోయింది.

అరగంటకు స్కూటరు లోపలికొచ్చింది. అతని చొక్కా చెమటతో ఒంటికంటుకుపోయింది.

"ఇక్కడి షాపులో మాత్రల్లేవట. మూడు షాపులు తిరిగా," అన్నాడు రొప్పుతూ. "పద, ఇంజక్షన్ ఎలా చెయ్యాలో నర్సు చూపిస్తుందట. సూది చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. నువ్వు నేర్చుకో."

"నాకు జ్వరమొస్తేనో?"

అతను లోపలికెళ్లి, నర్సు ఇచ్చిన దిండు మీద నాలుగుసార్లు సూది గుచ్చాడు. నాలుగుసార్లూ సూది పక్కకు జారింది. ఐదోసారి సూదిని తనే అడిగి తీసుకున్నాడు.

"నాకు భయంగా ఉందండీ," అందామె.

"నాకు లేదనుకున్నావా?"

మర్నాడు పొద్దున్నే, పాపను కొన్నాళ్లు చూసుకొమ్మని తమకు అప్పగించిన శిశుగృహానికి వెళ్లి, సంతకాలు పెట్టి ఆ పాపను దత్తత తీసుకున్నారు.