చూడకుండా పంపిన ఫొటో

"అక్కా, ఇది నిజమో అబద్ధమో నువ్వే తేల్చాలి. పొద్దుటి నుంచి ఒక్కరూ నా పార్లర్ గడప తొక్కలేదు!" చిన్నకోడలు ఏడుస్తూ ఫోన్ చేతికిచ్చింది.

పెద్దకోడలు ఫోన్ తీసుకుని చూసింది. నీలం తలుపుల బ్యూటీ పార్లర్‌కి సీలు వేస్తున్న ఫొటో. కింద, 'ముఖాలు కాల్చిన క్రీములు' అని వార్త. పొద్దున ఆడపడుచుకి పంపింది తనే. 'మన చిన్నదాని కొట్టే!' అని ఒక ముక్క తగిలించింది కూడా.

ఆ ఇంట్లో ఏ వార్త వచ్చినా, ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు చూశారు అని ఆమె ఆరా తీశాకే మిగతావాళ్లు నమ్మేవారు. కానీ నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన తోడికోడలి పార్లర్ ముందు జనం బారులు తీరడం చూసి, కళ్లల్లో నిప్పులు పోసుకుంటోంది.

ఇప్పుడు ఫొటోని పెద్దది చేసి చూసింది. బోర్డు మీద ఉన్నది ఏదో పరాయి లిపి.

"అబద్ధమే. ఇది మన దేశమే కాదు."

"బతికించావక్కా! దీన్ని నువ్వే పంపావని వదిన ఒకటే గోల. నేను నమ్ముతానా? అక్క చూడకుండా ఏదీ పంపదు, అది పచ్చి అబద్ధమని ముఖం మీదే చెప్పేశా."

పెద్దకోడలు ఫోన్ తిరిగిచ్చేసింది. తల మాత్రం ఎత్తలేకపోయింది.

"వదిన అన్నదొక్కటీ నిజమేనే" అంది.